పెద్దాయన కుర్చీ

ఇంట్లో ఆడపడుచు ఉంటే అత్తగారు లేని లోటు తెలియదంటారు. ఈ ఇంటి కోడలికి లోటు తెలియకపోవడం అటుంచి, కొంత మిగులు కూడా తేలింది. భర్తకు అక్కగారైన ఆవిడ మేడమీద గదిలో ఉండేది. పగలు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గర మిగిలిన పాఠాలు చెప్పేది. కూర మాడితే మామూలు ఆడపడుచులు మూతి ముడుస్తారు, లేకపోతే పుట్టింటివాళ్ళ పెంపకం ఎత్తుతారు. ఈవిడ ఆ రెండూ చేసేది కాదు. చేస్తే ఎంతో బాగుండేది. కంచం కాస్త పక్కకి జరిపి, చేతులు కట్టుకుని, వెన్నలాంటి గొంతుతో అడిగేది.

“ఏం చేశావు? ఏం చూశావు? మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు?”

“మళ్ళీ చేస్తే వంట మీకు అప్పజెబుతాను వదినా.”

“అది అభిప్రాయం. నువ్వు చూసిందేమిటో అడిగాను.”

“పొగ చూశాను.”

“ఆఁ, అలా చెప్పు.”

ఈ విచారణ జరిగినంతసేపూ భర్తగారు కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఆ సమయంలో ఆయనకి అవి కూడా ఉండేవి కావు.

ఆడపడుచుకి ఇంకో చాదస్తం ఉంది. ఇంట్లో ఎవరికి కాస్త ఒళ్ళు వెచ్చబడినా నుదురు చూసేది కాదు. చప్పుడు లేకుండా వచ్చి, కాళ్ళ దగ్గర దుప్పటి తొలగించి, రెండు పాదాలూ రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేది. సంతలో వంకాయలు తూకం వేసినట్టు.

“పెద్దవారు, మీరు నా కాళ్ళు పట్టుకుంటే నాకు ఆయుష్షు తగ్గదూ?” అని మరదలు ముడుచుకుపోయేది.

“ఊరుకో. రెండూ ఒకేలా ఉన్నాయి,” అని దుప్పటి సర్ది వెళ్ళిపోయేది. ఏమిటి ఒకేలా ఉండటం, లేకపోతే ఏమవుతుంది అని అడిగితే జవాబు లేదు. ప్రపంచాన్నంతా ప్రశ్నలడిగే మనిషి తను మాత్రం ఒక్కదానికీ చిక్కేది కాదు. తన పొరపాటు తాను ఒప్పుకున్న రోజు ఆ ఇంటి చరిత్రలో లేదు.

అలాంటి ఆవిడ ఒకరోజు మరదలిని సాయం అడిగింది. కాలేజీ ల్యాబ్‌లో మనిషంత బొమ్మ ఒకటి ఉంది. రబ్బరు చర్మం, తెల్లజుట్టు. లోపలి పంపు గాలి ఊదితే రొమ్ము లేచి దిగుతుంది, మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటుంది, కనురెప్పలు ఆడతాయి. పిల్లలు దాన్ని పెద్దాయన అంటారు. పెద్దాయనకి అన్నీ ఉన్నాయి గానీ సొంత గొంతు లేదు. పక్కనున్న అద్దాల గదిలో ఎవరో ఒకరు మైకు ముందు కూర్చుని మాట్లాడితే, ఆ మాట ఆయన గొంతులోని చిన్న స్పీకరులోంచి వస్తుంది. ఇన్నాళ్ళూ మాట్లాడిన గుమాస్తా వేరే ఊరు వెళ్ళిపోయాడు.

“డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నావు. కాలేజీ నాటకాల్లో ముసలి రాజు వేషం వేశానని చెబుతావుగా. వచ్చి కాస్త మూలుగు,” అంది ఆవిడ.

“జీతం లేకుండా మూలగడం నాకు ఇంట్లో అలవాటే వదినా. వస్తాను.”

పని తేలికే. మైకుకి ఒక బొత్తాం ఉంది. అది నొక్కితే పక్కన ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు మాట్లాడితేనే పెద్దాయనకి మాట వస్తుంది, వదిలేస్తే మూగబోతాడు. స్పీకరు సన్నంగా పలుకుతుంది కాబట్టి మంచం పక్కనున్నవాళ్ళకే వినిపిస్తుంది. గది మూల నిలబడి మార్కులు వేసే ఆడపడుచుకి కూడా సరిగా వినపడదు. చెప్పాల్సిన మాటలన్నీ ఆవిడే రాసిపెట్టింది. గుండె లయ తప్పి కొట్టుకుంటున్న ఒక ముసలాయన కథ అది. “ఊపిరాడట్లేదమ్మా”, “గుండె దడదడలాడుతోంది”, “మావాళ్ళెవరూ రాలేదా?” ఇవీ మాటలు. వచ్చిన పిల్ల మంచం తలవైపు ఎత్తాలి, నాడి చూడాలి, ఆక్సిజన్ మాస్కు పెట్టాలి, డాక్టరుకి ఫోను చేయాలి. మరదలు మధ్యలో సొంత కవిత్వం కొంత కలిపేది. “అమ్మాయ్, మీ ట్యూటరమ్మ ఇంట్లో కూడా ఇలాగే సతాయిస్తుందా?” అని పెద్దాయన అడిగితే పిల్లలు నవ్వు ఆపుకోలేక మాస్కు తలకిందులుగా పెట్టేవాళ్ళు.

ల్యాబ్ అయ్యాక అసలు తతంగం. పక్క గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. అందరూ కూర్చుని, చేసిన పనిని మళ్ళీ మొదటినుంచీ మాటల్లో చెప్పుకోవాలి. కాలేజీవాళ్ళు దాన్ని డీబ్రీఫింగ్ అంటారు. మరదలు పోస్టుమార్టం అనేది. అడిగేవి ఆ మూడు ప్రశ్నలే. అయితే అక్కడ రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఆ గదిలో ‘తప్పు’ అనే మాట ఎవరూ వాడకూడదు. ఆ మాట వినపడగానే పిల్లలు నత్తల్లా లోపలికి పోతారని ఆడపడుచు నమ్మకం. రెండోది, ఒక కుర్చీ పెద్దాయనది. గొంతిచ్చిన మనిషి వచ్చి అందులో కూర్చుని, రోగి తరఫున ‘నేను’ అని మాట్లాడాలి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అబద్ధం ఆడకూడదు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం చలిచీమ వంతు వచ్చింది. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకునే ఆ బక్కపిల్లకి తోటివాళ్ళు పెట్టిన పేరది. మెతక మనిషే గానీ పని పొందికగా చేస్తుంది. మంచం తల ఎత్తింది, నాడి పట్టింది. మరదలు చెప్పాల్సినవన్నీ చెప్పి, బొత్తాం వదిలేసి, ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటోంది.

మాస్కు మీదకి వెళ్ళిన చలిచీమ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ పిల్ల పెద్దాయన ముఖంలోకి వంగింది.

“ఏంటి తాతగారూ?” అంది.

మరదలు అద్దంలోంచి చూసింది. ఎర్రదీపం ఆరిపోయే ఉంది. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో కప్పు. నోట్లో టీ.

“సరే తాతగారూ,” అంది చలిచీమ. మంచం కాళ్ళవైపు వెళ్ళింది. ఆడపడుచు ప్రతిరోజూ స్వయంగా బిగించి దోపే దుప్పటిని అక్కడ లాగేసింది. బొమ్మ పాదాలు రెండూ రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. వంకాయలు తూకం వేసినట్టు.

మరదలికి టీ మింగుడు పడలేదు.

చలిచీమ ఫోను దగ్గరికి పరుగెత్తింది. “ఎడమకాలు చల్లబడిపోయింది! సర్జన్‌ని పిలవండి!” ఈలోగా మాస్కు పెట్టని పాపానికి మానిటరు మీద గీత తిన్నగా అయిపోయింది. కథ ప్రకారం పెద్దాయన పోయాడు. మూల నిలబడ్డ ఆడపడుచు యంత్రం ఆపడానికి కదల్లేదు. కలం కింద పడితే తీసుకోలేదు.

డీబ్రీఫింగులో చలిచీమ స్పష్టంగానే చెప్పింది. “కాలు చల్లబడిందమ్మా అన్నారు మేడమ్. నేను దుప్పటి పైకి లాగబోతే, ‘దుప్పటి కప్పకమ్మా, తీసి చూడు’ అన్నారు. చూశాను. చల్లగా ఉంది.”

“దానికి లోకమంతా చల్లగానే ఉంటుంది మేడమ్!” అంది పక్కనున్న పిల్ల. నిద్రలో కూడా మాట్లాడుతుందని దాన్ని అందరూ వసపిట్ట అంటారు. “దుప్పటి కనపడగానే దూరిపోదామనుకుని ఉంటుంది.”

అందరూ ఘొల్లుమన్నారు. ఆడపడుచు నవ్వలేదు. పెద్దాయన కుర్చీవైపు తిరిగింది.

“పెద్దాయనా, మీరు ఆ మాట అన్నారా?”

మరదలికి జీవితంలో ఎప్పుడూ జవాబు కోసం వెతుక్కోవాల్సి రాలేదు. ఇప్పుడు వెతుక్కుంది. ‘అన్నాను’ అంటే సరిపోతుంది. ఇంట్లో రోజూ ఇంతకంటే పెద్ద అబద్ధాలు పోపులో వేసి వేయిస్తుంది. చలిచీమ ఆశగా చూస్తోంది. కానీ కూర్చున్నది ఆ కుర్చీలో. వెనక ఎవరో నిలబడి తన జవాబు కోసం చెవి ఒగ్గినట్టు మెడ మీద వెంట్రుకలు లేచాయి.

“లేదు. నేను అనలేదు,” అంది.

ఆడపడుచు గొంతులో వెన్న ఇంకిపోయింది. “చెప్పని మాట విన్నానని, ప్లాస్టిక్కు చల్లబడిందని అనే మనిషిని వార్డుకి పంపి రోగుల్ని అప్పజెప్పలేను. రేపు ఇదే గదిలో, కల్పించానని ఒప్పుకో. లేకపోతే ఈ ఏడు మళ్ళీ చదువుకో.”

“విన్నాను మేడమ్.”

“రేపు చెప్పు.”

“రేపు అడిగినా విన్నానమ్మా అనే చెబుతాను మేడమ్,” అంది చలిచీమ. ఆ ‘అమ్మా’ ఎందుకు వచ్చిందో ఆ పిల్లకే తెలియనట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర విచారణ లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మామూలు రోజైతే పావుగంట పాఠం. ఆవిడ గుర్తుపట్టనే లేదు.

మరదలే అడిగింది. “ఇవాళ మీరేం చూశారు వదినా?”

ఆవిడ చెయ్యి కడుక్కుని మేడెక్కేసింది.

“అక్క అన్నం వదిలేసి లేవడం నేను పుట్టాక ఇదే మొదలు,” అన్నాడు భర్త. ఆ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అది.

“ఆవిడ మీకంటే పదేళ్ళు పెద్ద. ఆవిడ ఉద్యోగంలో చేరినప్పుడు మీరు గోళీలాడుకుంటున్నారు. అప్పటి సంగతులు మీకేం తెలుసు?” అంది మరదలు. ఆ మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో ఆమెకీ తెలియదు.

మర్నాడు వసపిట్ట వంతు. వానపిట్టలా గోలగోలగా వచ్చింది. “ఏం తాతగారూ, నిన్న చచ్చిపోయి ఇవాళ మళ్ళీ వచ్చేశారా? బలే గట్టివారండీ!” అంటూ మంచం ఎత్తింది. మరదలు ఈసారి టీ జోలికి పోలేదు. రాసిన మాటలు చెప్పేసి, బొత్తాం వదిలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

వసపిట్ట మాట సగంలో తెగిపోయింది.

ఆ పిల్ల నోరు మూతపడటం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. అద్దాల గదిలోకి ల్యాబ్ చప్పుళ్ళు వినిపించే పెట్టె ఒకటుంది. మరదలు దానికి చెవి ఆనించింది. పంపు ఊదుతున్న గాలి, కిటికీ మీద వాన, పిల్ల ఊపిరి. ఇంకేమీ లేదు. ఎర్రదీపం చచ్చిన చేప కన్నులా ఉంది. వసపిట్ట మెల్లిగా మంచం కాళ్ళవైపు నడిచి, దుప్పటి అంచు పట్టుకుని, లాగకుండా ఏడవడం మొదలుపెట్టింది.

కుర్చీల గదిలో కూర్చున్నాక దాని నోట కూడా అదే మాట, పొల్లు పోకుండా. “దుప్పటి కప్పకమ్మా, తీసి చూడు.”

“ముందురోజు విన్న మాట కాబట్టి అలా అనిపించి ఉంటుంది,” అంది ఆడపడుచు.

“కాదు మేడమ్. పెద్దాయన గొంతే. కానీ రోజూ మాట్లాడే పెద్దాయన గొంతు కాదు. మాటకీ మాటకీ మధ్య ఈల వేసినట్టు ఊపిరి వస్తోంది.”

ఆడపడుచు లేచి మరదలి రెక్క పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చింది.

“నీ కొంటెతనం ఇంట్లో చూపించుకో. ఆ మాట నీకెవరు చెప్పారు? ఇక్కడ ఒక పిల్ల ఏడాది పోతోంది!”

“నేనే చేసుంటే నిన్న అన్నానని చెప్పి ఆ పిల్లని గట్టెక్కించేదాన్ని కదా వదినా. నిజం చెప్పి ఇరికించింది నేనే. రాత్రంతా ముల్లు మింగినట్టుంది. ఆ మాట నాకెవరు చెప్పారని అడిగారు. అంటే అది ఎవరో చెప్పగలిగిన మాటేనన్నమాట.”

ఆడపడుచు పట్టుకున్న రెక్క వదిలేసింది.

“ఒక పని చేద్దాం. మైకు తీగ ఊడదీసి నా ఒళ్ళో పెట్టుకుంటాను. పిల్లలందరి మధ్యా అద్దం వెనక కూర్చుంటాను. మంచం దగ్గర మీరు నిలబడండి.”

“నేనా? నేనెందుకు?”

“ఏమీ లేదని మీకు తెలుసుగా. ఏమీ లేనిచోట నిలబడటానికి ఏముంది?”

ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, ల్యాబ్‌లోకి నడిచింది.

అద్దాల గదిలో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూస్తున్నారు. చలిచీమని కూడా మరదలే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఊడిన తీగ కొస ఆమె ఒళ్ళో పడి ఉంది. లోపల ఆడపడుచు అన్నీ పుస్తకంలో ఉన్నట్టు చేసింది. మంచం ఎత్తింది, నాడి చూసింది, మాస్కు తొడిగింది. చేతులు ఎంత నేర్పుగా కదిలాయంటే పిల్లలు భయం మరిచి మెడలు సాచారు.

అప్పుడు ఆవిడ ఆగింది. తల పక్కకి వంచింది. వెనక నుంచి ఎవరో పిలిస్తే ఆగినట్టు కాదు. ఎప్పుడో పిలుస్తారని తెలిసి, ఆ పిలుపు ఇప్పటికి వచ్చినట్టు.

చెయ్యి తనంతట తానే దుప్పటి మీదకి పోయింది. పాదాల దగ్గర కిందికి లాగి, అంచులు పరుపు కింద గట్టిగా దోపింది. రెండుసార్లు తట్టింది కూడా, పసిపిల్లని జోకొట్టినట్టు. మళ్ళీ తల వంచింది. ఈసారి భుజాలు కుంగిపోయాయి. దోపిన చేతులే దుప్పటిని విప్పాయి. అంచు అంచుగా, కట్టు విప్పినంత మెల్లిగా. పాదాలు రెండూ పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎంతసేపటికీ వదలకపోతే వసపిట్ట “మేడమ్‌ని పిలవనా?” అని గుసగుసలాడింది.

“ఉండు,” అంది చలిచీమ.

ఆవిడ ఇవతలికి వచ్చాక, పిల్లలు కుర్చీల గదిలోకి వెళ్తుండగా మరదలు వెనకబడింది. తను ఎందుకు అటు నడుస్తోందో తనకే తెలియలేదు. మంచం దగ్గరికి వెళ్ళి, ఆ పాదాలు ముట్టుకుంది. మోకాలి కింద యంత్రమేమీ లేదు, ఉత్త ప్లాస్టిక్కు. కుడి పాదం గదిలో బల్లలాగే, కుర్చీలాగే ఉంది. ఎడమ పాదం అప్పుడే నూతిలోంచి తీసిన చెంబులా ఉంది. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది. ఇది అభిప్రాయం కాదు వదినా, అనుకుంది.

గదిలో ట్యూటరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆడపడుచు పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉంది. మరదలు పెద్దాయన కుర్చీ దాకా వెళ్ళి, కూర్చోబోయి, ఎవరో ఉన్నచోట కూర్చోబోయినట్టనిపించి తప్పుకుంది. గోడకి ఆనుకుని నిలబడింది. ఎందుకు కూర్చోలేదని ఎవరూ అడగలేదు.

ఎవరు మొదలుపెట్టాలో తెలియక అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి చలిచీమ స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని అడిగింది.

“ఏం చేశారు మేడమ్?”

“మంచం ఎత్తాను. నాడి చూశాను. ఆక్సిజన్ పెట్టాను.” ఆవిడ చేతులు కట్టుకోలేదు. ఒళ్ళో పడేసి ఉన్నాయి. “దుప్పటి కప్పాను.”

“ఏం... ఏం చూశారు?”

“చూడలేదు. అదే. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక పెద్దాయన. ఊపిరాడట్లేదంటే అన్నీ సరిగ్గా చేశాను. పెద్ద నర్సు మెచ్చుకుంది కూడా. తర్వాత, కాలు చల్లబడిందమ్మా అన్నాడు. చలేస్తోందేమోనని ఇంకో దుప్పటి తెచ్చాను. దుప్పటి కప్పకమ్మా, తీసి చూడు అన్నాడు. ముసలివాళ్ళ గొణుగుడు అనుకున్నాను. నాకు వేరే మంచాలున్నాయి. కాళ్ళ దగ్గర గట్టిగా దోపి, తట్టి, వెళ్ళిపోయాను. గుండెలో గడ్డకట్టిన రక్తం జారి కాలికి అడ్డుపడిందట. పొద్దున దుప్పటి తీసేసరికి కాలు నల్లబడి ఉంది. తీసేశారు. మనిషి కూడా ఎన్నాళ్ళో ఉండలేదు.”

వసపిట్ట ముక్కు ఎగబీల్చింది. బయట వాన తెరిపిచ్చినట్టుంది, చూరు నుంచి చుక్కలు మాత్రం పడుతున్నాయి.

“ఎవరూ నన్ను అడగలేదు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. ఈ పాఠం ఆయనదే. ఆయన అన్న మాటలన్నీ రాశాను. ఆ ఒక్కటీ వదిలేశాను.”

గోడ దగ్గర మరదలు తన పాదాల వైపు చూసుకుంది. జ్వరం వచ్చినప్పుడల్లా కాళ్ళ దగ్గర నిలబడి కళ్ళు మూసుకునే ఆ మనిషి మీద ఇన్నేళ్ళూ ఎన్ని జోకులు వేసిందో ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఒక్కటీ నవ్వు తెప్పించలేదు.

చలిచీమ మూడో ప్రశ్న అడగడానికి జంకుతోంది. ఆడపడుచే తల ఊపింది, అడగమన్నట్టు.

“మళ్ళీ చేస్తే... ఏం మారుస్తారు మేడమ్?”

“మాస్కు పెట్టి, వెంటనే నువ్వు చేసింది చేస్తాను. వార్డుకి నీ పేరు రేపే పంపుతాను.”

అంతటితో అయిపోయిందనుకుని పిల్లలు కదిలారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఖాళీగా ఉన్న పెద్దాయన కుర్చీవైపు తిరిగింది. అక్కడ కూర్చున్నవాళ్ళ కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో సరిగ్గా అంత ఎత్తున చూస్తూ మాట్లాడింది.

“ఈ గదిలో ఆ మాట వాడకూడదని పెట్టింది నేనే. ఎవరి కోసం పెట్టుకున్నానో ఇప్పుడు తెలిసింది. అప్పుడు మీ విషయంలో, నిన్న ఈ పిల్ల విషయంలో, నేను చేసింది తప్పు. నాదే తప్పు.”